ఇంటి బయట టెలిఫోను



అమెరికాలో పెన్సిల్వేనియా అనే రాష్ట్రమున్నది. అందులో లాంకాస్టర్ అని ఒక జిల్లా. న్యూయార్కు మహానగరం నుండి కారులో బయలుదేరితే సుమారు మూడు గంటల ప్రయాణం. ఆ జిల్లాలో పల్లెదారి పట్టి పోతుంటే, మొక్కజొన్న చేలకూ పశువుల కొట్టాలకూ నడుమ, ఒక మనిషి నిలబడడానికి, మహా అయితే ఒక స్టూలు వేసుకొని కూర్చోవడానికి సరిపోయే చిన్న చెక్క గది అక్కడక్కడ కనిపిస్తుంది. తెలియనివారు దానిని పనిముట్లు దాచుకునే కొట్టు అనుకుంటారు. తలుపు తీస్తే లోపల ఒక బల్లచెక్క. దాని మీద టెలిఫోను. పక్కన సందేశాలను నిలువ చేసే యంత్రం. ఒక పుస్తకం, ఒక పెన్సిలు. ఎవరు ఎంతసేపు మాట్లాడారో ఆ పుస్తకంలో రాసుకొని, నెల తిరిగి బిల్లు వచ్చినప్పుడు ఆ లెక్క ప్రకారం నాలుగైదు కుటుంబాలవారు పంచుకుంటారు.

ఆ కుటుంబాలవారి ఇండ్లలో మాత్రం టెలిఫోను లేదు. కొనుక్కునే స్తోమత లేక కాదు. వారిలో పెద్ద పెద్ద వ్యాపారాలు చేసేవారున్నారు. అయినా ఇంట్లో పెట్టుకోరు. టెలిఫోను కావాలి, అది గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఈ రెండు మాటలకూ పొత్తు ఎట్లు కుదిరిందో చెప్పడమే ఈనాటి నా ప్రసంగోద్దేశం.

వీరిని ఆమిష్ ప్రజలంటారు. 1525లో స్విట్జర్లాండులోని జ్యూరిక్ నగరంలో కొందరు క్రైస్తవులు, పసిబిడ్డకు ఇచ్చిన బాప్తిస్మం చెల్లదనీ, మంచిచెడ్డలెరిగిన వయస్సులో మనిషి తనంతట తాను కోరి తీసుకున్నదే బాప్తిస్మమనీ, భక్తుని మనస్సాక్షి మీద ప్రభుత్వానికి అధికారం లేదనీ పలికి, అటు కాథలిక్కులకూ ఇటు ప్రొటెస్టెంట్లకూ కూడ విరోధులైనారు. రెండేండ్లు నిండకుండానే వారిలో ఫెలిక్స్ మాన్జ్ అనే వానిని అదే నగరంలో లిమాట్ నదిలో ముంచి చంపారు. ఈ మార్గంవారికి తరువాత మెన్నో సైమన్స్ అనే బోధకుని పేరు మీద మెన్నొనైట్లని పేరు వచ్చింది. 1693లో యాకోబ్ అమ్మాన్ అనే పెద్ద, సంఘంలో క్రమశిక్షణ సడలిపోతున్నదని పట్టుబట్టి వేరుపడినాడు. ఆయన వెంట నడిచినవారే ఆమిష్‌లు. పద్దెనిమిదవ శతాబ్ది తొలిభాగంలో, మతసహనానికి పేరుపొందిన పెన్సిల్వేనియాకు వారు ఓడలెక్కి వచ్చారు. ఐరోపాలో మిగిలినవారు ఇతర సంఘాలలో కలిసిపోయారు. నేడు పుట్టినగడ్డ మీద ఆమిష్ సంఘమన్నదే లేదు.

ఇక్కడ ఒక చిన్న మాట. నల్లగొండ, నాగర్‌కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల శ్రోతలకు మెన్నొనైట్ అన్న పేరు కొత్తది కాదు. మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలు పంతొమ్మిదవ శతాబ్ది చివర నల్లగొండలో పని ప్రారంభించారు. జడ్చర్లలో వారి ఆసుపత్రి, షంషాబాదులో వారి బైబిలు కళాశాల ప్రసిద్ధములే. ఆ చర్చికీ, లాంకాస్టరులో గుర్రపుబండ్ల మీద తిరిగే ఈ రైతులకూ మూలపురుషులు ఒక్కరే. దాయాదులలో ఒకరు పాలమూరు దాకా వచ్చి బడులూ ఆసుపత్రులూ కట్టించగా, మరొకరు కరెంటు తీగెను తమ పొలం సరిహద్దులోనే ఆపివేశారు. వంశవృక్షాలలో ఇటువంటి వింతలు జరుగుతూనే ఉంటవి.

వారి వేషభాషలను గురించి ఎక్కువ చెప్పను. సినిమాలలో కావలసినంత చూపించారు. పెండ్లయిన పురుషుడు గడ్డం పెంచి మీసం తీసివేస్తాడు. స్త్రీలు తల కప్పుకుంటారు. ఇంట్లో ఒకరకమైన పాత జర్మను మాండలికం మాట్లాడుతారు, బయటివారితో ఇంగ్లీషు మాట్లాడుతారు. ఇవన్నీ పైకి కనిపించేవి. 1900 ప్రాంతంలో వీరి సంఖ్య ఐదారు వేలు. నేడు నాలుగు లక్షలు దాటింది. పెన్సిల్వేనియా, ఒహాయో, ఇండియానా రాష్ట్రాలు మొదలుకొని ముప్పైకి పైగా రాష్ట్రాలలో, కెనడాలో కూడ విస్తరించారు. ఇరవై ఏండ్లకొకసారి వారి జనాభా ఇంచుమించు రెట్టింపవుతున్నది. సంసారాలు పెద్దవన్నది ఒక కారణం. ఆ పిల్లలలో అత్యధికులు పెరిగి పెద్దవారై సంఘంలోనే నిలిచిపోవడం రెండవ కారణం. ప్రపంచంలోకెల్లా యంత్రాలకు నిలయమైన దేశం నడిబొడ్డున ఉంటూ, నశించిపోవలసిన లెక్కకు వచ్చిన ఒక జనం ఇట్లు పెరిగిందంటే, వారి దగ్గర ఏదో ఒక ఉపాయమున్నదనే అనుకోవాలి.

ఆ ఉపాయం ఏమిటి? ఆమిష్‌లు యంత్రాలను ద్వేషిస్తారని లోకంలో ఒక అపోహ ఉన్నది. ద్వేషించరు. విచారిస్తారు. మన ఇండ్లలో పిల్లకు సంబంధం వచ్చినప్పుడు పెద్దలు కుర్రవాని జీతమెంతో ఒక్కటే అడిగి ఊరుకోరు. వాని తల్లిదండ్రులెటువంటివారు, అన్నదమ్ముల మధ్య పొందిక ఎట్లున్నది, పండుగకు పిల్లను పుట్టింటికి పంపుతాడా పంపడా అని నాలుగు దిక్కులా కూపీ లాగుతారు. ఆమిష్ పెద్దలు యంత్రాన్ని సరిగా అట్లే విచారిస్తారు. అది ఎంత పని చేయగలదో వారికి తెలుసు. ఆ జీతం సంగతి వారు అడగరు. దీని వెంట మన ఇంటికి ఇంకా ఎవరెవరు వస్తారు? ఇది వచ్చిన తరువాత ఇరుగుపొరుగుతో మనకు పని ఉంటుందా? మన పిల్లలు మన కళ్లెదుట ఉంటారా? అని అడుగుతారు. జవాబు నచ్చితే రానిస్తారు. నచ్చకపోతే వద్దంటారు. సగం నచ్చితే, గుమ్మం బయట ఉండమంటారు.

టెలిఫోను సంగతి అట్లే జరిగింది. ఇరవయ్యవ శతాబ్ది మొదటి ఏండ్లలో లాంకాస్టర్ పల్లెలకు టెలిఫోను తీగెలు వచ్చినవి. కొందరు ఆమిష్ రైతులు కూడ ఇండ్లలో పెట్టించుకున్నారు. ఆ రోజులలో పల్లెటూళ్లలో ఇంటికొక తీగె లేదు. పలు ఇండ్లకు కలిపి ఒకటే తీగె. ఒకరు మాట్లాడుతుంటే తక్కిన ఇండ్లవారు రిసీవరు తీసి వినవచ్చు. వినకుండా ఉండడానికి ఎంతటి నిగ్రహం కావాలో మీరే ఊహించండి! ఇద్దరు స్త్రీలు మూడవ ఆమెను గురించి ఏదో అనుకున్నారట. ఆ మూడవ ఆమె ఆ కొసన వింటూనే ఉన్నదట. మాట పెరిగి పెరిగి సంఘం ముందుకు వచ్చిందట. ఇది అక్కడివారు తరతరాలుగా చెప్పుకునే వృత్తాంతం. ఏమైతేనేమి, 1910 ప్రాంతంలో ఇండ్లలో టెలిఫోను కూడదని సంఘం నిశ్చయించింది. అప్పటికే ఇతర తగవులతో వేడెక్కి ఉన్న కొన్ని కుటుంబాలు ఈ సందర్భంలో చీలిపోయినవి కూడ.

చాడీలు ఒక్కటే కారణమని చెప్పితే ఆ పెద్దలకు అన్యాయం చేసినవారమవుతాం. వారు చూచింది ఇంకొక సంగతి. గంట మోగితే మనిషి లేస్తాడు. భోజనం దగ్గర లేస్తాడు, ప్రార్థన దగ్గర లేస్తాడు, ఎదురుగా కూర్చున్న చుట్టాన్ని వదలి లేస్తాడు. ఎక్కడో ఉన్నవానికి, ఎదుట ఉన్నవాని కంటె అగ్రతాంబూలం ఇచ్చే యంత్రమిది. అంతేకాక, మాట ఫోనులో అయిపోతే మనిషి ఇంటికి రాడు. ఇంటికి రానివాడు కష్టానికి వస్తాడా? ఇది వారి శంక. సెల్‌ఫోను వచ్చిన తరువాత మన ఇండ్లలో భోజనాల బల్ల దగ్గర జరుగుతున్నదేమిటో చూచినవారు ఈ శంకను నవ్వి తోసివేయలేరు.

అయినను వారు పట్టిన పట్టు విడువని మూర్ఖులు కారు. 1930 దశకంలో కొన్ని కుటుంబాలవారు పెద్దల దగ్గరకు వచ్చి మొరపెట్టుకున్నారు. రాత్రివేళ ఎవరికైనా ప్రాణం మీదికి వస్తే డాక్టరును పిలిచేదెట్లు? గడ్డివాముకు నిప్పంటుకుంటే అగ్నిమాపక దళానికి చెప్పేదెట్లు? ప్రతిసారి పరుగెత్తి పోయి ఆమిష్ కాని పొరుగువాని తలుపు తట్టవలసిందేనా? పెద్దలు విన్నారు. ఆలోచించారు. ఇండ్లలో వద్దు, దారి పక్కన నలుగురికీ కలిపి ఒకటి ఉండనిమ్మన్నారు. అదే నేను మొదట చెప్పిన చెక్క గది.

ఇందులోని మర్మం గమనించండి. ఫోను వారిని పిలవదు. కావలసినప్పుడు వారే దాని దగ్గరకు పోతారు. వానలోనో మంచులోనో నడిచిపోయి మాట్లాడవలసి ఉండడం వల్ల ఎవరూ అక్కడ ఊసుపోక కబుర్లు చెప్పరు. పశువైద్యునికి, సరుకుల వ్యాపారికి చెప్పవలసినది చెప్పి వచ్చేస్తారు. ముచ్చటలాడుకోవాలంటే గుర్రపుబండి కట్టుకొని ఇంటికే పోతారు. వాడుక వేరు, సొంతం వేరు. ఈ మాట గుర్తుంచుకోండి. తక్కిన చిక్కుముడులన్నీ దీనితోనే విడిపోతవి.

కారు సంగతి తీసుకోండి. ఆమిష్ మనిషి కారు కొనడు, నడపడు. కాని కారు ఎక్కుతాడు! దూరపు ఆసుపత్రికి పోవాలన్నా, వేరే రాష్ట్రంలో పెండ్లికి పోవాలన్నా బయటివాని వ్యానును కిరాయికి మాట్లాడుకుంటాడు. ఇది కపటం కాదా అని బయటివారు వెక్కిరిస్తారు. నాకూ మొదట అట్లే తోచింది. కాని వారి లెక్క వేరు. గుర్రం గంటకు ఎనిమిది, పది మైళ్లు నడుస్తుంది. దాని అలసటే మనిషి తిరుగుడుకు హద్దు. అందుచేత చుట్టాలు, చర్చి, అంగడి అన్నీ ఆ హద్దులోపలే ఉంటవి. వాకిట్లో కారు ఉన్ననాడు ఆ హద్దు పోతుంది. కుర్రవాడు సాయంకాలం ఏ ఊళ్లో ఉంటాడో ఎవరికీ తెలియదు. కిరాయి వ్యానుకు ముందుగా చెప్పాలి, మైలు లెక్కన డబ్బు ఇవ్వాలి, పదిమందిని కూర్చుకొని పోవాలి. కాబట్టి పని ఉంటేనే ఎక్కుతారు. వాడుక వేరు, సొంతం వేరు.

కరెంటు సంగతి ఇంకా విచిత్రమైనది. 1920 ప్రాంతంలో, కంపెనీ తీగెను ఇంటికి తగిలించుకోరాదని లాంకాస్టర్ పెద్దలు నిర్ణయించారు. బ్యాటరీని మాత్రం నిషేధించలేదు. బ్యాటరీలో ఉన్నది కొంచెం, వాడితే అయిపోతుంది. తీగె వెంట వచ్చేది ఎడతెగనిది. దానికి ఒక మీట చాలు, ఆ వెనుక రేడియో, టెలివిజను, ఇంకా పేరు పెట్టని సరుకులన్నీ వరుస కట్టుతవి. రేడియోలో మాట్లాడుతూ ఈ మాట చెప్పడం నాకు కొంత ఇబ్బందిగానే ఉన్నది, అయినా చెప్పక తప్పదు. ఆమిష్ ఇండ్లలో మనవంటివారి ప్రసంగాలు వినేవారు లేరు.

మరి పని ఎట్లు జరుగుతుంది? కొట్టం పక్కన ఒక చిన్న పాకలో డీజిల్ ఇంజను పెట్టుతారు. అది గాలిని బిగించి ఒక ఉక్కు పీపాలో నింపుతుంది. ఆ బిగించిన గాలి గొట్టాల వెంట వడ్రంగి శాలకూ, వంటింటికీ వస్తుంది. కరెంటు మోటారు ఉండవలసిన చోట గాలితో తిరిగే మోటారు బిగిస్తారు. రంపం, తొలిచే యంత్రం, కుట్టుమిషను, వంటింట్లో పిండి కలిపే యంత్రం కూడ గాలితో నడుస్తవి. గృహిణి మీట తిప్పితే యంత్రం గుర్రుమనదు, బుస్సుమంటుంది. ఫ్రిజ్ గ్యాసుతో నడుస్తుంది. దీనినంతా అక్కడివారే నవ్వుతూ ఆమిష్ కరెంటు అంటారు. ఇంత తంటాలు పడే బదులు ఒక తీగె తగిలించుకుంటే పోదా అని మన ఇంజనీరు మిత్రులు అడుగుతారు. పోతుంది. పోయేది ఆ తంటా ఒక్కటే కాదని వారి భయం.

1960 దశకం చివర ఈ పద్ధతికి గట్టి పరీక్షే వచ్చింది. పాలు కొనే కంపెనీలు, ఇకమీదట పాలు క్యానులలో పోస్తే తీసుకోము, పెద్ద ఉక్కు తొట్టిలో చల్లబరచి, కలియబెట్టుతూ ఉంచాలన్నవి. తొట్టి చల్లబడాలంటే కరెంటు కావాలి. కాదంటే పాడి పోతుంది. పాడి పోతే పొలం పోతుంది. లాంకాస్టర్ పెద్దలు కంపెనీ ప్రతినిధులతో కూర్చొని బేరం చేశారు. చల్లబరచడానికి డీజిల్ ఇంజను ఒప్పుకున్నారు. కలియబెట్టడానికి బ్యాటరీ ఒప్పుకున్నారు. ఆదివారం నాడు మాత్రం పాలబండి రాకూడదన్నారు. కంపెనీవారికి పాలు కావాలి కనుక వారూ దిగివచ్చారు. సంప్రదాయమంటే కదలని బండరాయి అనుకునేవారికి ఈ బేరసారాలు వింతగా ఉంటవి. పొలంలో ట్రాక్టరు కూడదంటారు. కొట్టం దగ్గర ఒకచోట నిలబడి బెల్టు తిప్పేటందుకు ట్రాక్టరు ఇంజనును వాడుతారు. గడ్డి మోపులు కట్టే యంత్రానికి ఇంజను బిగించి, దానిని కంచరగాడిదలచేత లాగిస్తారు. చూడడానికి నవ్వు వస్తుంది. కాని పొలం పని చేయడానికి ఇంకా నలుగురు మనుష్యులు కావాలి, ఒక ఇంటివాడు వందల ఎకరాలు మింగలేడు, పక్కవానికి భూమి మిగులుతుంది. వారు రక్షించుకున్నది దీనినే.

ఈ నిర్ణయాలు ఎవరు చేస్తారు? ఆమిష్ మతానికి పోపు వంటి అధిపతి లేడు. పాతిక నుండి నలభై కుటుంబాలు కలిస్తే ఒక సంఘం. దానికి ఒక బిషప్పు, ఇద్దరు బోధకులు, ఒక పరిచారకుడు. వీరికి జీతం లేదు, ప్రత్యేకమైన చదువూ లేదు. పేర్లు సూచించే హక్కు స్త్రీపురుషులందరికీ ఉన్నది. పదవి మాత్రం పురుషులకే. సూచన వచ్చినవారి ముందు, ఎంతమంది ఉంటే అన్ని కీర్తనల పుస్తకాలు పెట్టుతారు. వాటిలో ఒకదానిలో ఒక చీటీ ఉంటుంది. ఎవరు తీసిన పుస్తకంలో చీటీ ఉంటే వారే బోధకులు, జీవితాంతం. ఆ చీటీ చూచుకొని కన్నీరు పెట్టుకునేవారే గాని సంతోషించేవారు అరుదట. ఓట్ల కోసం ఊరూరా తిరిగే మనకు ఇది నమ్మశక్యం కాదు.

వీరికి చర్చి భవనాలు లేవు. పదిహేను రోజులకొక ఆదివారం ఒక్కొక్కరి ఇంట్లో వంతుల వారీగా ఆరాధన. బల్లలు ఒక బండిలో వేసుకొని ఆ ఇంటికి తెస్తారు. పదహారవ శతాబ్దిలో చెరసాలలో ఉన్నవారు కట్టిన పాటలు ఇంకా పాడుతారు. ఒక్క పాట ఇరవై నిమిషాలు సాగుతుంది. ఏడాదికి రెండుసార్లు, ప్రభురాత్రి భోజన సంస్కారానికి ముందు, సంఘమంతా కూర్చొని తమ నియమావళిని నెమరు వేసుకుంటుంది. దానిని ఆర్డ్‌నుంగ్ అంటారు. చాలావరకు అది కాగితం మీద లేనిది, నోటి మీద ఉన్నది. ఏది కూడును, ఏది కూడదు, కొత్తగా వచ్చిన వస్తువును ఏమి చేయాలి, అంతా అక్కడ తేలాలి. మాట కలవకపోతే సంస్కారం వాయిదా పడుతుంది. అందుచేతనే ఒక సంఘంలో ఉన్నది మరొక సంఘంలో ఉండదు. లాంకాస్టరులో సైకిలు కూడదు, కాలితో తోసే స్కూటరు కూడును. ఒహాయోలోని హోమ్స్ జిల్లాలో ఇప్పుడు బ్యాటరీ సైకిళ్లు కూడ కనిపిస్తున్నవి. స్వార్ట్‌జెన్‌ట్రూబర్ అనే అతి కఠిన శాఖవారు వెనుక వచ్చే వాహనాలకు హెచ్చరికగా బండికి నారింజ రంగు త్రికోణం బిగించడానికి కూడ ఒప్పుకోలేదు.

ప్రభుత్వంతో తగవులు రాకపోలేదు. వృద్ధాప్య పింఛను కోసం వసూలు చేసే పన్ను మాకు వద్దు, మా ముసలివారిని మేమే చూచుకుంటామన్నారు. 1961లో పన్ను అధికారులు పెన్సిల్వేనియాలో ఒక ఆమిష్ రైతు గుర్రాలను దుక్కి రోజులలో జప్తు చేసి అమ్మివేశారు. పత్రికలు దుమ్మెత్తి పోశాయి. 1965లో, స్వంత పని చేసుకునే ఆమిష్‌లకు ఆ పన్ను నుండి చట్టం మినహాయింపు ఇచ్చింది. పన్ను కట్టరు, పింఛను పుచ్చుకోరు. ఎవరికైనా ఆసుపత్రి ఖర్చు పెద్దదైతే సంఘం చందాలు వేసుకుంటుంది. కొట్టం కాలిపోతే వందలమంది వచ్చి కొత్త కొట్టం దూలాలు ఎత్తి నిలబెట్టుతారు.

చదువు తగవు ఇంకా పెద్దది. ఆమిష్ పిల్లలు ఎనిమిదవ తరగతితో చదువు ముగిస్తారు. విస్కాన్సిన్ రాష్ట్రంలో అప్పుడు పదహారేండ్లు నిండే దాకా బడికి పంపాలని చట్టం ఉండేది. పంపని ముగ్గురు తండ్రులకు తలకు ఐదు డాలర్ల జరిమానా వేశారు. ఆ ఐదు డాలర్ల తగవు అమెరికా సుప్రీంకోర్టు దాకా పోయి, 1972లో ఆమిష్‌ల పక్షాన తీర్పు వచ్చింది. వారు కోర్టుకెక్కేవారు కారు. బయటి సానుభూతిపరులే వారి తరఫున నిలిచి వాదించారు. ఆ తీర్పులో డగ్లస్ అనే న్యాయమూర్తి ఒక్కడు వేరే మాట రాశాడు. తండ్రుల మాట విన్నాము సరే, పిల్లల మాట విన్నామా అన్నాడు. ఆయన ప్రశ్నకు నేటికీ సరియైన జవాబు రాలేదని నా అభిప్రాయం. పదునాలుగేండ్లకు చదువు ఆపిన పిల్ల, తరువాత డాక్టరు కావాలనుకుంటే ఎక్కడ మొదలు పెట్టాలి? బాప్తిస్మం తీసుకోకముందు బయటికి పోయినవానిని ఎవరూ వెలివేయరు. తీసుకొని పోయినవానిని వెలివేస్తారు. కన్నతల్లి కూడ వానితో ఒకే బల్ల మీద భోజనం చేయదు. సంఘం ఇంత బలంగా నిలవడానికి చెల్లించే మూల్యమిది. దానిని దాచిపెట్టి వారిని పొగడడం న్యాయం కాదు.

విజ్ఞానమన్నా వారికి వైరం లేదు. కొద్దిమంది మూలపురుషుల నుండి పెరిగిన జనం కావడంతో కొన్ని అరుదైన జన్యువ్యాధులు వారి పిల్లలలో ఎక్కువ. 1989లో హోమ్స్ మార్టన్ అనే వైద్యుడు లాంకాస్టర్ జిల్లాలోని స్ట్రాస్‌బర్గులో అటువంటి పిల్లల కోసం ఒక వైద్యశాల స్థాపించాడు. జన్యుపరీక్షలు చేసే ఆ ఆధునిక వైద్యశాల భవనాన్ని, కొట్టాలు ఎత్తినట్లే, ఆమిష్, మెన్నొనైట్ వడ్రంగులు వచ్చి ఎత్తి నిలబెట్టారు. దాని ఖర్చుకు నేటికీ దుప్పట్లు, బల్లలు వేలం వేసి డబ్బు కూడబెట్టుతారు.

ఇక నేటి స్థితి. భూమి ధర పెరిగింది, పిల్లలు పెరిగారు. అందరికీ పొలాలు లేవు. పెక్కుచోట్ల వ్యవసాయం చేసేవారు ఇప్పుడు అల్పసంఖ్యాకులే. వడ్రంగం, మేజాబల్లల తయారీ, ఇండ్లు కట్టడం, గుర్రపు జీనులు కుట్టడం వారి వృత్తులైనవి. ఇండియానా ఉత్తరభాగంలో వేలమంది ఆమిష్ పురుషులు ఫ్యాక్టరీలలో పని చేస్తున్నారు. ఆ ఫ్యాక్టరీలలో ఏమి తయారు చేస్తారనుకున్నారు? సెలవులలో దేశమంతా తిరగడానికి చక్రాల మీద నడిచే ఇండ్లు! సొంతానికి కారు లేని మనిషి, ఇంకొకని కోసం మంచం, పొయ్యి, స్నానాలగది ఉన్న బండి తయారు చేసి, సాయంకాలం సైకిలెక్కి ఇంటికి పోతాడు. అయితే అక్కడి పెద్దలను కలవరపెట్టేది ఆ బండ్లు కావు, టిఫిను డబ్బా. తండ్రి డబ్బా పట్టుకొని తెల్లవారకముందే ఫ్యాక్టరీకి పోతే, కొడుకు ఎవరి పక్కన నిలబడి పని నేర్చుకోవాలి? మగ్గమూ కుమ్మరి సారెయూ వదలి పట్నాలకు పోయిన మన కుటుంబాలకు ఈ ప్రశ్న అర్థమవుతుంది.

ఇంతకంటె గడ్డు సమస్య సెల్‌ఫోను. చెక్క గదిలోని టెలిఫోనుకు తీగె ఉండేది. ఆ తీగె పొడవే దానికి కట్టుబాటు. జేబులో పట్టే ఫోనుకు ఏ గది కట్టాలి? ఇండ్లు కట్టే మేస్త్రీలు, ఫోను లేకపోతే పని దొరకదంటారు. కొన్ని సంఘాలు పనిచోట ఒప్పుకొని, ఇంటికి తీసుకురావద్దన్నవి. కొన్నిచోట్ల మాట తప్ప మరేమీ రాని, తెర లేని పెట్టెఫోనును ప్రత్యేకంగా తయారు చేయించి వాడుతున్నారు. కొన్నిచోట్ల చూచీచూడనట్లు ఊరుకుంటున్నారు. పదహారేండ్లు దాటి ఇంకా బాప్తిస్మం తీసుకోని కుర్రవాని జేబులో ఏమున్నదో అడిగేవారు తక్కువ. వాడుక వేరు, సొంతం వేరు అన్న పాత సూత్రం ఈ చిన్న పెట్టె దగ్గర తడబడుతున్నది. ఏడాదికి రెండుసార్లు కూర్చునే సభలలో దీనిని గురించి వాదం జరుగుతూనే ఉన్నది.

చివరగా, న్యూజెర్సీలోనో ఫిలడెల్ఫియాలోనో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్లే తల్లిదండ్రులకు ఒక సూచన. వారాంతంలో పిల్లలు మిమ్మల్ని లాంకాస్టర్ చూపించడానికి తీసుకుపోవడం కద్దు. తప్పక పోయి చూడండి. ఆమిష్ మనుష్యుల ముఖానికి మాత్రం కెమెరా ఎత్తకండి. ఫోటోకు నిలబడడం వారి మతానికి విరుద్ధం. బండి ఎదురైతే హారను కొట్టవద్దని మీ అబ్బాయికి చెప్పండి, గుర్రం బెదురుతుంది. ఇండ్ల ముందర బల్ల వేసి టమాటాలు, గుమ్మడికాయలు, తేనె పెట్టి ఉంచుతారు. మనిషి లేకపోయినా పక్కన డబ్బు వేసే పెట్టె ఉంటుంది. రాసిన ధర చూచి అందులో వేసి తీసుకోండి. క్రెడిట్ కార్డు పనికిరాదు, చిల్లర పట్టుకొని వెళ్లండి. వెళ్లేది శనివారం నాడే కావాలి. ఆదివారం నాడు వారి దుకాణాలన్నీ మూసి ఉంటవి.